టెస్టులన్నీ నార్మల్, అక్క మాత్రం బాగాలేదు. మామూలు డాక్టర్ దగ్గరే మనసుకు వైద్యం అడగొచ్చా?

తెల్లకాగితం:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా అక్కకి 41 ఏళ్లు. ఏడెనిమిది నెలలుగా ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది అంటుంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, మళ్లీ నిద్ర పట్టదు. ఒళ్లంతా నొప్పులు. ఏ పని మొదలుపెట్టినా సగంలో వదిలేసి కూర్చుంటోంది, తనకి ఇష్టమైనవి కూడా. మేము ఎప్పుడూ వెళ్లే డాక్టర్ గారి దగ్గరికి నాలుగుసార్లు తీసుకెళ్లాను. ఈసీజీ, రక్తపరీక్షలు, థైరాయిడ్, షుగర్ అన్నీ చేయించారు, అన్నీ నార్మల్ వచ్చాయి. "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని నిద్రకి మాత్ర రాశారు. వేసుకున్న రాత్రి పడుకుంటుంది, మర్నాటికి మళ్లీ అదే పరిస్థితి. ఆయన చెడ్డ డాక్టర్ ఏమీ కాదు, చిన్నప్పటినుంచీ మమ్మల్ని చూస్తున్నారు. కానీ బయట ముప్పై మంది కూర్చుని ఉంటారు, మాకు దొరికేది ఐదు నిమిషాలు, అందులో మూడు బీపీ చూడటానికే పోతాయి.

సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేస్తే 7 వారాల తర్వాత ఇచ్చారు. ఆ సంగతి చెప్పగానే అక్క "నాకేమన్నా పిచ్చి పట్టిందా, నేను రాను" అని తలుపేసుకుంది. మామూలు డాక్టర్ దగ్గరికి మాత్రం పిలిస్తే వెంటనే వస్తుంది, అక్కడ తనకి భయం లేదు.

పోయినవారం బట్టలు మడతపెడుతూ ఉన్నట్టుండి "నేను లేకపోతే మీ అందరికీ కాస్త హాయిగా ఉంటుందేమో" అంది. నాకు నోట మాట రాలేదు. అప్పటినుంచీ నాకూ నిద్ర లేదు.

నేను అడిగేది ఇదీ. మామూలు క్లినిక్‌లోనే డిప్రెషన్, యాంగ్జయిటీ లాంటివాటికి వైద్యం ఇస్తారా, ఇవ్వగలరా? ఇవ్వగలిగితే నాలుగుసార్లు వెళ్లినా ఆ మాటే ఎందుకు రాలేదు? ఐదోసారి వెళ్లినప్పుడు నేను ఏం అడగాలి, ఎలా అడగాలి? లేదంటే ఎలాగోలా ఒప్పించి ఆ 7 వారాలు ఆగడమే మంచిదా?

ఓపీగది:

నేను జనరల్ ప్రాక్టీసులో ఉన్న డాక్టర్ని, 17 ఏళ్లుగా. మిగతావి తర్వాత, ముందు ఆవిడ అన్న ఆ చివరి మాట గురించి. ఊరికే అన్నదిలే అని వదిలేయకండి. ఈరోజే పక్కన కూర్చుని సూటిగా అడగండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా అక్కా? ఎలా, ఎప్పుడు అని కూడా ఆలోచించావా?" అని. అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు. నేను అడిగినవాళ్లలో చాలామంది ఇన్నాళ్లకి ఎవరో ఒకరు అడిగారు అన్నట్టు గట్టిగా ఊపిరి వదిలి మాట్లాడారు. ఎలా చేసుకోవాలో కూడా అనుకుందని తెలిస్తే 7 వారాలు కాదు, ఆ పూట కూడా ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, ఆవిడని ఒంటరిగా వదలొద్దు. అంతదాకా లేకపోయినా సరే, ఆ నిద్రమాత్రల స్ట్రిప్పు మీ దగ్గర పెట్టుకుని ఏ రోజు మాత్ర ఆ రోజు ఇవ్వండి. ఇంట్లో మోతాదు మించితే ప్రమాదమయ్యే మందులు, పురుగుమందులు ఏమున్నా తీసేయండి. క్లినిక్‌కి రేపో ఎల్లుండో వెళ్లండి, వచ్చేవారం అనుకోవద్దు.

ఇక మీ ప్రశ్న. ఇవ్వగలం. మామూలు డిప్రెషన్, యాంగ్జయిటీ కేసుల్లో చాలా భాగం ప్రాథమిక వైద్యంలోనే చూడొచ్చు, చూడాలి కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో మొదలుపెట్టిన ఎంహెచ్‌గ్యాప్ కార్యక్రమం ఉద్దేశమే అది, స్పెషలిస్టులు కాని డాక్టర్లు, నర్సులు ఈ జబ్బుల్ని గుర్తించి వైద్యం చేయడానికి 2010లో ఒక గైడ్ కూడా ఇచ్చారు. కాబట్టి మీరు క్లినిక్‌లో ఈ మాట ఎత్తితే అది గొంతెమ్మ కోరిక ఏమీ కాదు.

నాలుగుసార్లు వెళ్లినా ఎందుకు బయటపడలేదు అంటే, మీ అక్క మనసు బాగాలేదని చెప్పి ఉండదు, ఛాతీ నొప్పి అని చెప్పి ఉంటుంది. ఆమె తప్పు కాదు, జబ్బు అలాగే కనిపిస్తుంది. 14 దేశాల్లో ప్రాథమిక వైద్య కేంద్రాలకి వచ్చినవాళ్లమీద చేసిన ఒక పరిశీలన 1999లో అచ్చయింది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో 69 శాతం మంది ఎందుకొచ్చారంటే శరీరానికి సంబంధించిన బాధలే చెప్పారు. నొప్పి, నీరసం, నిద్రలేమి. ఛాతీ నొప్పి అంటే మేము గుండె వైపు పరుగెడతాం, పరుగెత్తాలి కూడా, అది వదిలేస్తే అంతకంటే ఘోరం ఇంకోటి లేదు. కానీ ఈసీజీ నార్మల్ వచ్చాక అక్కడితో ఆగిపోవడం మా వైపు తప్పు. "ఏమీ లేదు" అనడం ఇంకా పెద్ద తప్పు. గుండెలో ఏమీ లేదు అనాలి. మిగతాది ఇంకా వెతకాలి.

ఈసారి వెళ్లేటప్పుడు ముందే ఫోన్ చేసి "మాట్లాడటానికి కొంచెం ఎక్కువ టైం కావాలి, రద్దీ లేని వేళ చెప్పండి" అని అడగండి. లోపలికెళ్లాక మొదటి మాటే మనసు సంగతి కావాలి. అసలు విషయాన్ని జనం బయల్దేరేముందు, తలుపు మీద చెయ్యి పెట్టి చెప్తారు, అప్పటికి మేము తర్వాతి పేషెంటు పేరు పిలిచేసి ఉంటాం. "డాక్టర్ గారూ, ఏడెనిమిది నెలలుగా దేనిమీదా ఆసక్తి లేదు, మూడింటికే మెలకువ వస్తోంది, బతకడం దండగ అనిపిస్తోంది, ఇది డిప్రెషన్ కావచ్చేమో చూడండి" అని అక్క చెప్పగలిగితే అక్క, లేకపోతే అక్క ఒప్పుకుంటే మీరు. ఒక చిన్న కాగితం మీద రాసి చేతికిచ్చినా చాలు.

పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల ఫారం ఉంటుంది, 2001 నుంచీ వాడకంలో ఉంది. గడిచిన 2 వారాల్లో ఎన్ని రోజులు ఎలా ఉన్నారో 0 నుంచి 3 వరకూ గుర్తు పెట్టాలి, మొత్తం 27. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డిప్రెషన్ ఉందేమో అని గట్టిగా చూస్తాం, 20 నుంచి పైన తీవ్రమైనది. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించే. నింపడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, బయట కుర్చీలో కూర్చునే నింపొచ్చు. ఆందోళనకి జీఏడీ-7 అని ఏడు ప్రశ్నలది ఇంకోటి ఉంది. ఫారం ఒక్కటే చూసి జబ్బు పేరు పెట్టకూడదు, కానీ ఆ కాగితం టేబుల్ మీద ఉంటే ఏ డాక్టరూ "టెన్షన్ తగ్గించుకో" అని పంపించలేడు, అదీ దాని ఉపయోగం.

డాక్టర్ మిమ్మల్ని తప్పకుండా అడగాల్సింది ఇంకోటి ఉంది, అడగకపోతే మీరే చెప్పండి. గతంలో ఎప్పుడైనా దీనికి పూర్తిగా ఎదురుగా, రోజుల తరబడి నిద్ర అక్కర్లేకుండా విపరీతమైన హుషారు, ఆగని మాటలు, లెక్కలేని ఖర్చు లాంటివి ఉన్నాయా అని. ఉంటే అది బైపోలార్ అనే వేరే జబ్బు కావచ్చు, దానికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఆ హుషారు వైపు తిరగబడవచ్చు. అలాంటి కేసు స్పెషలిస్టుదే.

ఆ 7 వారాల అపాయింట్‌మెంట్ మాత్రం రద్దు చేయకండి. అది అలా ఉండనివ్వండి, ఈలోపు ఇక్కడ మొదలుపెట్టండి.

మళ్లీమొదలు:

పైన డాక్టర్ గారు చెప్పినదంతా నిజం, కానీ నేను పేషెంటుగా ఒకటి చెప్పాలి, మొదటిసారి తలుపు తెరుచుకోవడం కష్టం కాదు, రెండోసారి వెళ్లడమే కష్టం, నా విషయంలో అక్కడే అంతా తెగిపోయింది.

ఆరేళ్ల కింద మాట. నేను ధైర్యం చేసి మా డాక్టర్‌కి చెప్పాను, ఆయన మంచిగానే విన్నారు, డిప్రెషన్ మందు రాశారు, "నెల తర్వాత కనిపించు" అన్నారు, అంతే. ఆ మందు పని చేయడానికి 2 నుంచి 4 వారాలు పడుతుందని, పూర్తి ఫలితానికి ఇంకా ఎక్కువే పట్టొచ్చని, మొదటి వారం పది రోజులు కడుపులో తిప్పడం, తలనొప్పి, కాస్త కంగారు పెరగడం ఉండొచ్చని, తర్వాత అవి సర్దుకుంటాయని ఎవరూ చెప్పలేదు. నేను తొమ్మిది రోజులు వేసుకున్నాను. వికారం ఉంది, గుణం లేదు. నాకు మందు కూడా పని చేయదు, నా బతుకింతే అనుకుని ఆపేశాను. మందు పడలేదని చెప్పడానికి మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లాలంటే సిగ్గేసింది, ఏదో పరీక్ష తప్పినట్టు. వెళ్లలేదు. ఆయన కూడా ఈ మనిషి ఏమైందని అడగలేదు, అడగడానికి ఆయన దగ్గర పద్ధతి ఏదీ లేదు. పద్నాలుగు నెలలు పోయాయి అలా. ఉద్యోగం పోయింది, ఇంకా చాలా పోయాయి, అవి ఇక్కడ రాయను.

రెండోసారి వేరే క్లినిక్. అక్కడ కూడా మామూలు డాక్టరే, మందు కూడా అదే రకం. తేడా ఏంటంటే ఆరో రోజున ఒక నర్సు ఫోన్ చేసింది. "వికారంగా ఉందా? ఉంటుంది. తిన్నాక వేసుకోండి. ఇంకో వారంలో తగ్గుతుంది. తగ్గకపోతే నాకు చెప్పండి, మార్చడానికి వేరేవి ఉన్నాయి" అంది. రెండు నిమిషాల ఫోన్ అది. నేను ఇవాళ ఇలా కూర్చుని ఇది రాస్తున్నానంటే సగం కారణం ఆ రెండు నిమిషాలు.

అందుకే తెల్లకాగితం గారూ, మందు రాయించుకుని వచ్చేయకండి. మళ్లీ ఎప్పుడు రావాలి, మధ్యలో ఇబ్బంది అయితే ఎవరికి ఫోన్ చేయాలి, ఈ రెండూ రాయించుకున్నాకే కుర్చీలోంచి లేవండి. నెల అంటే ఒప్పుకోవద్దు, అక్క అన్న మాటని బట్టి వారంలోపే చూడమనండి.

ఇంకోటి, బాగయ్యాక మీరే ఆపేయకండి. బాగయ్యాక కూడా కనీసం 6 నెలలు వాడాలని నాకు చెప్పారు, ఆపేటప్పుడు కూడా డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి.

మూడోకన్ను:

నేను ఒప్పుకోను, క్షమించండి. మా నాన్నకి ఇలాంటి డాక్టరే "నిద్ర పట్టడానికి" అని మాత్ర మొదలుపెట్టాడు, ఆరేళ్లు రాస్తూ పోయాడు. ఒక్కసారి కూడా "ఎందుకు నిద్ర పట్టట్లేదు" అని అడగలేదు. మోతాదు పెరిగింది, జ్ఞాపకశక్తి తగ్గింది, రెండుసార్లు బాత్రూంలో పడ్డాడు. చివరికి సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయనకి ఉన్నది తీవ్రమైన డిప్రెషన్ అని, ఆ మాత్రకి అలవాటు పడిపోవడం రెండో జబ్బు అని తేలింది. ఆ రెండోదాన్ని వదిలించడానికే చాలా నెలలు పట్టింది. ఐదు నిమిషాల డాక్టర్ చేతిలో మనసుని పెట్టొద్దు. అక్కకి కూడా నిద్రమాత్రే మొదలుపెట్టారు, చూశారా? 7 వారాలైనా సరే, అవసరమైతే వేరే ఊరైనా సరే, నేరుగా స్పెషలిస్టు దగ్గరికే.

ఓపీగది:

మూడోకన్ను గారూ, మీ నాన్నగారి విషయంలో జరిగింది తప్పు, నేను సమర్థించను. ఆ రకం నిద్రమాత్రలు, బెంజోడయాజపైన్లు అంటాం, వాడితే చాలా కొద్దికాలమే వాడాలి, 2 నుంచి 4 వారాలు మించకూడదు, పెద్దవయసువాళ్లలో ఇంకా జాగ్రత్త కావాలి, మీరు చెప్పిన పడిపోవడాలు అందుకే జరుగుతాయి. అవి డిప్రెషన్‌కి మందు కాదు. ఇది చదివి ఇంట్లో ఎవరైనా ఏళ్లుగా వాడుతున్నవాళ్లు ఉంటే ఇవాళే ఆపేయకండి దయచేసి, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, డాక్టర్ చూస్తుండగా నెమ్మదిగా తగ్గించాలి. తెల్లకాగితం గారు ఆ మాత్ర ఏదో, ఎన్ని రోజులయిందో రేపు తప్పకుండా అడగాలి.

కానీ మీ అనుభవం నుంచి నేను వేరే మాట తీసుకుంటాను. మీ నాన్నగారిని ముంచింది ఆయన మామూలు డాక్టర్ కావడం కాదు, ఆరేళ్లలో ఎవరూ మళ్లీ లెక్క చూడకపోవడం. నేరుగా స్పెషలిస్టు దగ్గరికే వెళ్లాల్సిన పరిస్థితులు ఉన్నాయి, దాచను. లేని గొంతులు వినిపించడం, ఎవరో చంపడానికి చూస్తున్నారనే గట్టి నమ్మకం, ఇందాక చెప్పిన విపరీతమైన హుషారు, కాన్పయిన కొత్తలో తల్లి తీరు ఉన్నట్టుండి మారిపోవడం, తినడం తాగడం మానేయడం, చావు గురించి ప్లాను ఉండటం. రెండు మందులు సరైన మోతాదులో సరిపడా కాలం వాడినా గుణం కనిపించనివాళ్లు కూడా. మిగతావాళ్లందరినీ ఆ ఒక్క గుమ్మం దగ్గరికే పంపితే, నిజంగా అక్కడ ఉండాల్సిన మీ నాన్నగారి లాంటివాళ్లకి 7 వారాలు కాస్తా 17 అవుతాయి.

రెండోపిలుపు:

నేను క్లినిక్‌లో పైన ఒకరు చెప్పిన ఆ ఫోన్లు చేసే పని చేస్తాను. నర్సుని. మళ్లీమొదలు గారి పోస్టు చదివి కళ్లు చెమర్చాయి, ఎందుకంటే మేము చేసే ఫోన్‌కి అవతల ఏం జరుగుతోందో మాకు ఎప్పుడూ పూర్తిగా తెలియదు.

పని ఎలా జరుగుతుందో చెప్తాను, మీ క్లినిక్‌లో లేకపోతే ఇలాంటిది అడగొచ్చని తెలియడానికి. డాక్టర్ డిప్రెషన్ అని రాయగానే ఆ పేరు నా దగ్గర ఉన్న పట్టికలోకి ఎక్కుతుంది. మొదటి ఫోన్ వారంలోపు. ఆ తర్వాత రెండు మూడు వారాలకోసారి అదే తొమ్మిది ప్రశ్నలు మళ్లీ అడిగి పాత అంకె పక్కన కొత్త అంకె రాస్తాను. 18 ఉన్నది 16కి వస్తే బాగుందిలే అని ఊరుకోం. సగానికి తగ్గాలి, చివరికి 5 లోపు రావాలి, అదీ మా లెక్క. రెండు నెలలు దాటుతున్నా అంకె కదలకపోతే మోతాదో, మందో, పద్ధతో మార్చాలని డాక్టర్‌కి గుర్తుచేస్తాను. ఒక సైకియాట్రిస్ట్ వారానికి ఒక గంట మాతో కూర్చుంటారు. పేషెంట్లందరినీ ఆయన చూడరు, కదలని అంకెలున్నవాళ్ల కాగితాలు చూసి ఏం మార్చాలో చెప్తారు. అలా ఆయన గంట చాలామందికి పంచుతాం. అపాయింట్‌మెంట్‌కి రానివాళ్లకి నేనే ఫోన్ చేస్తాను. డిప్రెషన్ ఉన్నవాడు రాలేదంటే బాగయిపోయి రాలేదని అనుకోకూడదు, లేవలేక రాలేదని అనుకోవాలి, ఇది మాకు మొదటిరోజే నేర్పారు.

దీన్ని కొలాబరేటివ్ కేర్ అంటారు. అమెరికాలో 18 క్లినిక్‌లలో 60 ఏళ్లు దాటిన 1801 మందిమీద చేసిన ఇంపాక్ట్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. ఏడాది తిరిగేసరికి డిప్రెషన్ లక్షణాలు సగానికో ఇంకా ఎక్కువో తగ్గినవాళ్లు ఈ పద్ధతిలో 45 శాతం, మామూలు పద్ధతిలో 19 శాతం. మామూలు పద్ధతివాళ్లకీ డాక్టర్ ఉన్నాడు, మందులూ ఉన్నాయి. వెంటపడి చూసే మనిషి, మాట్లాడే వైద్యం, వెనక సలహా ఇచ్చే సైకియాట్రిస్ట్ ఒక్కచోట కలిసి లేరు, అంతే.

ఇంత ఏర్పాటు ఎక్కడుంటుంది అంటారేమో. ఇంకా తక్కువతో కూడా చేశారు. జింబాబ్వేలో డిక్సన్ చిబండా అనే సైకియాట్రిస్ట్ క్లినిక్ ఆవరణలో ఒక బెంచీ వేయించి, ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే పెద్దవయసు ఆడవాళ్లకి, వాళ్లని అక్కడ అమ్మమ్మలనే పిలుస్తారు, సమస్యని ముక్కలు చేసి ఒక్కొక్కటి పరిష్కరించుకునే పద్ధతి నేర్పించారు. పేరు ఫ్రెండ్‌షిప్ బెంచ్. 2016లో దానిమీద చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి, 6 నెలల తర్వాత బెంచీ మీద కూర్చున్నవాళ్ల పరిస్థితి మామూలు వైద్యం పొందినవాళ్లకంటే స్పష్టంగా మెరుగ్గా ఉంది. నాకు అందులో బాగా నచ్చింది ఏంటంటే, వాళ్లు జబ్బు పేరు ఇంగ్లీషులో చెప్పి భయపెట్టలేదు, వాళ్ల షోనా భాషలో కుఫుంగిసిసా అనే మాట ఉంది, మరీ ఎక్కువగా ఆలోచించడం అని అర్థం, ఆ మాటే వాడారు. మీ అక్కగారితో కూడా పిచ్చి, సైకియాట్రీ అన్న మాటలతో మొదలుపెట్టకండి. "నిద్ర, నీరసం, ఆ ఆలోచనలు, వాటికి మన డాక్టర్ గారినే అడుగుదాం" అనండి, అది అబద్ధం కూడా కాదు.

తెల్లకాగితం:

అందరికీ చేతులెత్తి దండం. నిన్న రాత్రి అక్కని అడిగాను. నోరు పెగల్లేదు మొదట, కానీ అడిగాను. చచ్చిపోవాలని లేదు, పొద్దున లేవకుండా ఉంటే బాగుండు అనిపిస్తుంది అంది, ఎలా అని ఏమీ ఆలోచించలేదంది. చాలాసేపు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మాత్రలు నా బీరువాలో పెట్టాను. ఎల్లుండి పొద్దున మొదటి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

ఒక్క సందేహం. ప్రతిసారీ బావ కూడా లోపలికి వస్తారు. మంచివారే, కానీ ఆయన ముందు అక్క ఏమీ చెప్పదు. పైగా డాక్టర్ గారు బావకి బాగా తెలిసినవారు, చెప్పినవన్నీ ఆయనకి చేరతాయేమో అని అక్క భయం.

వినేచెవి:

నేను కౌన్సెలర్‌ని. ఈ భయం వల్ల ఎంతమంది ఆగిపోతారో చెప్పలేను. గోల్డ్‌బర్గ్, హక్స్‌లీ అని ఇద్దరు పరిశోధకులు 1980లోనే చెప్పారు, మనసు బాగాలేని మనిషి వైద్యం దాకా చేరాలంటే వరసగా జల్లెడలు దాటాలి, మొదటిది తనంతట తాను డాక్టర్ దగ్గరికి వెళ్లడం, రెండోది ఆ డాక్టర్ గుర్తించడం, ఆ తర్వాతది స్పెషలిస్టు దగ్గరికి పంపడం. మీ అక్క మొదటిది నాలుగుసార్లు దాటింది, రెండోదాని దగ్గర ఇరుక్కుంది. అలా ఇరుక్కోవడానికి గదిలో మూడో మనిషి ఉండటం కూడా ఒక కారణం.

వెళ్లేముందే ఫోన్ చేసి రిసెప్షన్‌లో చెప్పండి, "అక్క కాసేపు ఒంటరిగా మాట్లాడాలి" అని. పరీక్ష చేయాలనే నెపంతో డాక్టరే మిగతావాళ్లని బయట కూర్చోమనొచ్చు, ఇది మామూలుగా చేసేదే, ఎవరికీ తలవంపు కాదు. అక్క మొదటి మాటగా "నేను చెప్పేది ఇంట్లోవాళ్లకి చెప్పకండి" అని అడగాలి. పేషెంటు అనుమతి లేకుండా చెప్పకపోవడం డాక్టర్ వృత్తిధర్మం, భర్త స్నేహితుడైనా సరే. ప్రాణానికి ముప్పు ఉందనిపించినప్పుడు మాత్రం దగ్గరివాళ్లకి కావాల్సినంత వరకు చెప్పాల్సి రావచ్చు, ఆ సంగతి ముందే చెప్పే డాక్టర్‌ని నమ్మొచ్చు. మీరు కూడా బయటే కూర్చోండి, పిలిస్తేనే వెళ్లండి. కష్టంగానే ఉంటుంది.

మందు ఒక్కటే దారి కాదని కూడా అడగండి. లక్షణాలు మరీ తీవ్రంగా లేనప్పుడు మాట్లాడే వైద్యంతోనే మొదలుపెట్టొచ్చు, తీవ్రంగా ఉంటే రెండూ కలిపి. ఇంగ్లండ్‌లో 2008 నుంచి నడుస్తున్న పథకంలో డాక్టర్ చీటీ లేకుండా పేషెంటే నేరుగా కౌన్సెలింగ్‌కి పేరు ఇచ్చుకోవచ్చు. మీకు అందుబాటులో అలాంటిది ఉందేమో క్లినిక్‌లోనే అడగండి, చాలాచోట్ల ఉండి కూడా ఎవరూ చెప్పరు.

తెల్లకాగితం:

వెళ్లొచ్చాం. ఇవాళ పొద్దున.

బావకి నిన్ననే చెప్పాను, ఏమీ అనలేదు, "నేను బయట కారులో ఉంటా" అన్నారు, అంతే, ఇన్నాళ్లూ నేనే ఏదేదో ఊహించుకున్నాను. అక్క కాగితం మీద ఐదు లైన్లు రాసుకుంది. లోపల ఇరవై ఐదు నిమిషాలు ఉంది. నేను బయట కుర్చీలో కూర్చుని గోడ గడియారం చూస్తూనే ఉన్నాను.

తర్వాత నన్ను పిలిచారు, అక్క ఒప్పుకున్నాకే. స్కోరు 17 వచ్చింది. డాక్టర్ గారు అక్కతో ఒక మాట అన్నారు, "నాలుగుసార్లు వచ్చావు, నేను అడగాల్సింది అడగలేదమ్మా" అని. ఆ మాటకి అక్క ముఖంలో వచ్చిన మార్పు నేను మర్చిపోలేను. ఇది డిప్రెషన్ అని, పేరున్న జబ్బని, తగ్గుతుందని చెప్పారు. ఆ హుషారు గురించి కూడా అడిగారు, లేదని చెప్పాం. నిద్రమాత్ర రోజూ వేసుకున్నది 11 రోజులే కాబట్టి మెల్లగా తగ్గించి ఆపేయమని రాసిచ్చారు. కొత్త మందు మొదలుపెట్టారు, గుణం కనిపించడానికి వారాలు పడుతుందని, మొదట్లో వికారం ఉండొచ్చని ఆయనే చెప్పారు. కౌన్సెలర్ దగ్గరికి చీటీ రాశారు. ఆ 7 వారాల అపాయింట్‌మెంట్ ఉంచమన్నారు.

ఫోన్ చేసే నర్సు అక్కడ లేరు. నేను అడిగాను, మళ్లీమొదలు గారు చెప్పినట్టు కుర్చీలోంచి లేవకుండా అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, మందుల కౌంటర్‌లో ఉండే అమ్మాయిని పిలిచి, అక్క పేరు క్యాలెండర్‌లో రాయించి, "శుక్రవారం నువ్వు ఫోన్ చెయ్యి, ఎలా ఉందో నాకు చెప్పు" అన్నారు. వచ్చే బుధవారం మళ్లీ చూస్తానన్నారు.

రెండోపిలుపు గారూ, ఆ అమ్మాయికి ఏం అడగాలో తెలియదంది, నన్నే అడిగింది. మీరు మొదటి ఫోన్‌లో ఏం అడుగుతారో రాసిస్తే ప్రింట్ తీసి ఆమెకి ఇస్తాను.

రెండోపిలుపు:

రాస్తున్నాను. మందు వేసుకుంటున్నారా, ఎన్ని రోజులు తప్పింది, కడుపు, తల, కంగారు ఎలా ఉన్నాయి, రాత్రి ఎన్నింటికి మెలకువ వచ్చింది, పొద్దున లేవకుండా ఉంటే బాగుండనే ఆలోచన ఈ వారం ఎన్నిసార్లు వచ్చింది, ఎలా చేసుకోవాలన్న ఆలోచన ఏమన్నా వచ్చిందా, బుధవారం వస్తున్నారు కదా. చివరిదానికి ముందున్న ఆ రెండు ప్రశ్నలూ అడగడానికి ఆ అమ్మాయి భయపడితే మీ ముందు ఒకసారి పైకి చదివించండి, నోరు తిరిగితే భయం తగ్గుతుంది. ఆ రెండింటిలో దేనికి అవునన్నా ఆమె ఫోన్ పెట్టేయకూడదు, వెంటనే డాక్టర్ గారికి ఇవ్వాలి, ఆయన లేకపోతే ఎవరికి ఇవ్వాలో కూడా శుక్రవారం లోపే రాయించి పెట్టుకోమనండి.